గ్రంథాలయోద్యమం నేర్పిన పౌరధర్మం

మన సంఘం వెలువరిస్తున్న ఈ ప్రత్యేక సంచికకు "వ్యక్తిగత విలువలు – సంఘ జీవనం" అన్న విషయం మీద ఒక వ్యాసం రాయమని కార్యదర్శి గారు కోరారు. విలువల గురించి ఉపన్యసించడం నాకు చేతకాని పని. 1974 నుంచి 2008 వరకు స్థానిక సంస్థల కార్యాలయాలలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఏ విషయమైనా ముందు పూర్వాపరాలు, ఆపైన నిబంధన, చివరికి అభిప్రాయం – ఈ వరుసలో నోటు పెట్టడమే నాకు తెలిసిన రచన. ఈ వ్యాసమూ ఆ వరుసలోనే సాగుతుంది. పెద్దలు మన్నించాలి.

ఒక మనిషి ఇంట్లో పాటించే విలువ వీధిలోకి ఎలా వస్తుంది? ఒకరి పట్టుదల ఊరి అలవాటు ఎలా అవుతుంది? దీనికి ఉదాహరణలు దూరదేశాలలో వెదకనక్కరలేదు. మన తెలుగునాట నూరు సంవత్సరాల క్రితం నడిచిన గ్రంథాలయోద్యమం ఒక్కటి చాలు. స్వాతంత్ర్యోద్యమం గురించి మన పిల్లలు పాఠ్యపుస్తకాలలో చదువుకుంటున్నారు. దాని పక్కనే, పెద్దగా చప్పుడు చేయకుండా నడిచిన ఈ ఉద్యమం గురించి మాత్రం చాలామందికి తెలియదు.

ఇల్లు ఇచ్చినవారు

ఆంధ్రదేశంలో తొలి పౌర గ్రంథాలయాల ప్రస్తావన వచ్చినప్పుడు 1886లో విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి గారు నెలకొల్పిన గ్రంథాలయాన్ని ముందు చెబుతారు. ఆ తరువాత చెప్పుకోవలసినది హైదరాబాదు నగరం.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ప్రారంభమైంది. నిజాం ప్రభుత్వంలో రాజభాష ఉర్దూ. కచేరీలలోనూ ఉన్నత విద్యలోనూ తెలుగుకు చోటు లేదు. అయితే నగరంలో గ్రంథాలయమే లేదనుకోకూడదు. 1891లోనే ప్రభుత్వం ఆసఫియా గ్రంథాలయాన్ని నెలకొల్పింది. అరబ్బీ, పారశీ, ఉర్దూ గ్రంథాలకు అది పెట్టింది పేరు. ఈనాటికీ అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా నిలిచి ఉన్నది. లేనిదల్లా సామాన్యుడైన తెలుగువాడు వెళ్ళి తన భాషలో నాలుగు పుటలు చదువుకునే చోటు.

ఆ చోటును కల్పించడానికి ముగ్గురు ముఖ్యులు పూనుకున్నారు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు పండితులు, చరిత్రకారులు. నాయని వెంకట రంగారావు గారు మునగాల జమీందారు. రావిచెట్టు రంగారావు గారు నగరంలో పలుకుబడి కలిగిన గృహస్థు. భాషా నిలయం మొదలైనది ఈ రావిచెట్టు వారి ఇంట్లోనే. ఒకరిది విద్య, ఒకరిది ధనం, ఒకరిది ఇల్లు. ముగ్గురి స్వభావాలు వేరు, స్థితిగతులు వేరు. ఎవరి దగ్గర ఏది ఉన్నదో వారు అది ఇచ్చారు.

ఇల్లు ఇవ్వడం అన్నమాట ఇవాళ తేలికగా వినిపించవచ్చు. మన ముందుగదిలో రోజూ పదిమంది అపరిచితులు కూర్చుని పత్రికలు చదువుతుంటే, వారి చెప్పులు గుమ్మంలో పోగుపడుతుంటే, ఆ ఇంటి ఇల్లాలు ఎంత ఓర్చుకోవాలో ఆలోచించండి. పేరు రంగారావు గారిది వచ్చింది. ఆయన సతీమణి లక్ష్మీనరసమ్మ గారు కూడా భర్త గతించిన తరువాత ఆ సంస్థకు అండగా నిలిచిన వదాన్యురాలు. చరిత్ర రాసేవారు ఇలాంటి ఇల్లాళ్ళను ఒక వాక్యంతో సరిపెడతారు. ఈ వ్యాసంలోనూ అంతకంటె ఎక్కువ చోటు లేనందుకు విచారమే.

హైదరాబాదును చూసి 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ భాషా నిలయం వెలిశాయి. చదివేందుకు చోటు ఏర్పడ్డాక చదవడానికి మంచి పుస్తకాలు లేవన్న లోటు కనబడింది. దాన్ని తీర్చడానికి 1906లో కొమర్రాజు వారు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. చరిత్ర, విజ్ఞానశాస్త్రం, జీవిత చరిత్రలు తెలుగులో సులభమైన భాషలో రావాలన్నది వారి పట్టుదల. ఆ గ్రంథమాలలో తొలి పుస్తకం అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. బానిసత్వాన్ని రద్దు చేసిన దేశాధ్యక్షుని కథను, పరపాలనలో ఉన్న తెలుగు పాఠకుని చేతిలో పెట్టారు. ఆ పుస్తకం రాసినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు.

జైలు నుంచి గ్రంథాలయానికి

గాడిచర్ల వారిది కర్నూలు. 1883లో జన్మించారు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించిన రోజులలో రాజమహేంద్రవరం ట్రైనింగు కళాశాలలో చదువుతూ వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నారు. అందుకు కళాశాల నుంచి బహిష్కరించారు. మరుసటి ఏడు బెజవాడలో స్వరాజ్య పత్రిక నడుపుతూ తిరునల్వేలి కాల్పులను ఖండిస్తూ రాసినందుకు రాజద్రోహ నేరం మోపారు. మొదట విధించిన శిక్ష చాలదని పై కోర్టు 3 సంవత్సరాల కఠిన శిక్షగా పెంచింది.

జైలుకు వెళ్ళివచ్చిన మనిషికి రెండు దారులుంటాయి. కోపాన్ని పెంచుకోవడం ఒకటి, భయపడి ఊరుకోవడం ఒకటి. గాడిచర్ల వారు మూడవ దారి పట్టారు. చదువు రాని ప్రజకు స్వరాజ్యం వచ్చినా దాన్ని నిలుపుకోవడం చేతకాదని ఆయన నమ్మకం. గ్రంథాలయాలు, వయోజన విద్య – ఈ రెండింటికే తన జీవితంలో పెద్ద భాగాన్ని అర్పించారు. 1960లో కన్నుమూసేవరకు ఆ పనిలోనే ఉన్నారు.

బెజవాడ, 1914

ఈ ఉద్యమానికి వెన్నెముక అయ్యంకి వెంకటరమణయ్య గారు. 1890లో తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులో పుట్టారు. ఆయనకు సంస్థానం లేదు, పెద్ద ఉద్యోగం లేదు. ఉన్నదల్లా తిరిగే కాళ్ళు, అడగడానికి వెరవని నోరు. విడివిడిగా ఉన్న గ్రంథాలయాలన్నింటినీ ఒక తాటిమీదికి తేవాలని ఆయన తలచారు. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో, రామమోహన గ్రంథాలయం ఆధ్వర్యంలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడ పుట్టింది.

ఆ సభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. చిన్ననాటి నుంచీ ఆయనకు చూపు తక్కువ, రేచీకటి. వయసు మళ్ళాక పూర్తిగా చూపు పోయింది. ఇతరుల చేత చదివించుకుంటూ, చెప్పి రాయిస్తూ అన్ని గ్రంథాలు వెలువరించిన మహానుభావుడు. ఒక పుస్తకాన్ని మరొకరు చదివిపెడితే దాని విలువ ఎంతో ఆయనకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. చదువు రానివారికి పత్రిక చదివి వినిపించడం ఆనాటి పఠన మందిరాలలో ముఖ్యమైన సేవ కావడం కూడా ఇందుకు తగినట్టే ఉన్నది.

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. అదే కాలంలో బరోడా సంస్థానంలో మహారాజు శాయాజీరావు గైక్వాడ్ గొప్ప గ్రంథాలయ వ్యవస్థను నెలకొల్పారు. 1910లో అమెరికా నుంచి బోర్డెన్ అనే నిపుణుని రప్పించారు. రాజు తలచుకున్నాడు, ఖజానా తెరిచారు, ఊరూరా గ్రంథాలయాలు వచ్చాయి. అది ఎంతో కొనియాడదగినది. తెలుగునాట మాత్రం తలచుకున్న రాజు లేడు, తెరిచిన ఖజానా లేదు. ఇక్కడ బడిపంతులు, ప్లీడరు గుమాస్తా, చిల్లర వర్తకుడు, ఊరి రైతు కలిసి అద్దెగదిలో ఒక బీరువా పెట్టి దానికే గ్రంథాలయమని పేరు పెట్టారు. అక్కడ పై నుంచి వచ్చినది ఇక్కడ కింది నుంచి వచ్చింది.

అయ్యంకి వారు అంతటితో ఆగలేదు. 1919లో మద్రాసులో అఖిల భారత స్థాయిలో పౌర గ్రంథాలయాల మహాసభ జరగడానికి కారకులయ్యారు. ఉద్యమం కోసం ప్రత్యేకంగా గ్రంథాలయ సర్వస్వము అనే పత్రికను నడిపారు. 1972లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1979లో పరమపదించారు. ఒకే పనిని 60 ఏళ్ళకు పైగా అంటిపెట్టుకుని ఉండడం అన్నది మామూలు విషయం కాదు. మనం 30 ఏళ్ళ సర్వీసుకే అలసిపోయామని అంటుంటాం.

వేటపాలెం, కాలువ మీది పడవ

ఒక చిన్న ఊరు ఏమి చేయగలదో చూడాలంటే వేటపాలెం వెళ్ళాలి. చీరాల పక్కన ఉన్న ఈ నేతపని ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నది. 1918లో వి.వి. శ్రేష్ఠి గారి చొరవతో అక్కడి యువకులు గ్రంథాలయం మొదలుపెట్టారు. అదే సారస్వత నికేతనం. 1929లో గాంధీజీ అక్కడికి వచ్చి నూతన భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను అక్కడ ఇప్పటికీ భద్రపరచి చూపిస్తారు. ఆ చేతికర్ర కన్నా నాకు గొప్పగా తోచేది అక్కడి పాత పత్రికల సంపుటాలు. ఇతరచోట్ల తూకానికి వేసిన సంచికలు అక్కడ బైండు చేసి బీరువాలలో ఉన్నాయి. తెలుగు సాహిత్యంలో, చరిత్రలో పరిశోధన చేసేవారు ఎందరో ఆ ఊరికి వెళ్ళి బసచేసి రాసుకుని వచ్చారు. ఊరివారు తమ పెద్దల ఆస్తిని కాపాడినట్టు పాత కాగితాన్ని కాపాడారు.

1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. ఆ రోజులలో డెల్టాలో బస్సులు తక్కువ, పడవ ప్రయాణాలు ఎక్కువ. పడవలో గంటల తరబడి కూర్చునే ప్రయాణికులకు చేతిలో పుస్తకం ఉంటే బాగుంటుందని ఆయనకు తోచింది. గ్రంథాలయానికి మనిషి రాకపోతే గ్రంథాలయమే మనిషి దగ్గరకు వెళ్ళాలన్న ఆలోచన అది. నాగభూషణం గారు తరువాత దశాబ్దాలపాటు గ్రంథాలయ సంఘాన్ని నడిపించి, గ్రంథాలయ సిబ్బందికి శిక్షణ ఇచ్చే తరగతులు కూడా నిర్వహించారు.

నిజాం రాష్ట్రంలో

తెలంగాణలో ఈ పని మరింత కష్టమైనది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనీ థియేటరులో సంఘ సంస్కార మహాసభ జరిగింది. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే కొందరు గేలిచేసి అడ్డుకున్నారు. ఆ అవమానాన్ని దిగమింగి ఇంటికి పోవచ్చు. కానీ ఆ రాత్రే కొద్దిమంది కూర్చుని ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. మాడపాటి హనుమంతరావు గారు దానికి మూలస్తంభం. గ్రంథాలయాలు, పాఠశాలలు పెట్టడం ఆ సంఘం తలపెట్టిన ముఖ్య కార్యక్రమం.

సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలన్న నిబంధన నిజాం రాష్ట్రంలో ఉండేది. గస్తీ నిషాన్ 53 అన్న పేరు ఆనాటి పెద్దలకు బాగా గుర్తు. అటువంటి చోట నలుగురు కలిసి కూర్చుని లోకం సంగతి మాట్లాడుకోవడానికి గ్రంథాలయమే దిక్కయింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. అక్కడికి చేరిన చైతన్యంలో గ్రంథాలయాల పాలు తక్కువేమీ కాదు.

వట్టికోట ఆళ్వారుస్వామి గారి కథ ఈ సందర్భంలో చెప్పక తప్పదు. నల్లగొండ జిల్లాలో పేద ఇంట పుట్టారు. వంటమనిషిగా పనిచేశారు, హోటలులో సర్వరుగా పనిచేశారు, ప్రూఫులు దిద్దారు. బడి చదువు అందని ఆయన 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించారు. పుస్తకాలను మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. తరువాత ప్రజల కోసం జైలుకు వెళ్ళారు, నవలలు రాశారు. ధనవంతుడు పుస్తకం దానం చేయడంలో వింతలేదు. ఎంగిలి కప్పులు కడిగిన చేతులతో పుస్తకాలు అచ్చువేసి పంచడం, అదీ విలువ అంటే.

తలుపులు ఎవరికి తెరిచారు?

మన పెద్దలను స్మరించుకునేటప్పుడు అంతా బాగానే ఉండేదని రాయడం మనకొక అలవాటు. చరిత్రకు అది న్యాయం కాదు. గ్రంథాలయం అందరిదీ అని ఉద్యమ నాయకులు చెప్పిన మాట నిజం. చిలకమర్తి వారు రాజమహేంద్రవరంలో హరిజన బాలల కోసం పాఠశాలే నడిపారు. కానీ ఆ మాట అన్ని ఊళ్ళలోనూ ఒకేలా అమలు కాలేదు. గుడి మండపంలోనో, ఒక పెద్దమనిషి అరుగు మీదనో పెట్టిన పఠన మందిరంలోకి ఎవరు అడుగుపెట్టగలరో ఎవరూ బోర్డు రాసి పెట్టనక్కరలేదు. అందరికీ తెలుసు. ఆడవారు వచ్చి బల్ల దగ్గర కూర్చుని చదవడం అరుదు.

అందుకే ఆ తలుపుల బయట నిలిచినవారు తమ సంఘాలను తాము కట్టుకున్నారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గారు 1906లో జగన్మిత్ర మండలిని, 1911లో మాన్య సంఘాన్ని స్థాపించి, దళిత బాలబాలికలకు పాఠశాలలు నడిపారు. 1917లో అదే బెజవాడలో, గ్రంథాలయ మహాసభ జరిగిన మూడేళ్ళకు, ఆయన అధ్యక్షతన ఆది ఆంధ్ర మహాసభ జరిగింది. పంచములన్న పేరును కాదని, తాము ఈ నేల మొదటి బిడ్డలమని వారు ప్రకటించుకున్నారు. ఇదీ విలువల నుంచి పుట్టిన పౌర చైతన్యమే. నిజానికి మొదటిదాని కంటె కష్టమైనది. ఉన్నవాడు ఇవ్వడానికి మంచి మనసు చాలు. లేనివాడు నిలబడి అడగడానికి గుండె ధైర్యం కావాలి.

'మన ఊరు' అన్న మాటలో 'మన' అంటే ఎంతమంది అన్నది ప్రతి తరమూ మళ్ళీ వేసుకోవలసిన ప్రశ్న.

చట్టం వచ్చింది

ఇక నిబంధన దగ్గరకు వద్దాం. చందాల మీద, దాతల మీద ఆధారపడిన సంస్థ దాత పోతే మూతపడుతుంది. ఈ సంగతి ఉద్యమ నాయకులకు అనుభవంలో తెలిసింది. అందుకే చట్టం కావాలని అడుగుతూ వచ్చారు. 1948లో మద్రాసు రాష్ట్రంలో పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో అటువంటి చట్టాలలో అదే మొదటిది. గ్రంథాలయ శాస్త్ర పితామహులు ఎస్.ఆర్. రంగనాథన్ గారి కృషి దాని వెనుక ఉన్నది. 1955లో హైదరాబాదు రాష్ట్రంలో చట్టం వచ్చింది. రెండు ప్రాంతాలు కలిశాక 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం చేశారు. జిల్లా గ్రంథాలయ సంస్థలు దాని కిందివే. 2014లో రాష్ట్రం రెండైన తరువాత కూడా రెండుచోట్లా ఆ ఏర్పాటే సాగింది.

దీని ఆర్థిక మూలం మనలో చాలామంది ఉద్యోగులకు తెలిసినదే. పంచాయతీ గాని, మునిసిపాలిటీ గాని ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. నా సర్వీసు చివరి సంవత్సరాలలో అది రూపాయి పన్నుకు 8 పైసలు. ఇంటి పన్ను 500 రూపాయలైతే గ్రంథాలయ పన్ను 40 రూపాయలు. నేను ఏటా డిమాండు రిజిస్టరులో ఆ గడిని నింపేవాణ్ణి. కౌంటరు దగ్గర కొందరు, "మేము లైబ్రరీ మొహం చూడం, మాకెందుకీ పన్ను?" అనేవారు. "మీరు చూడకపోయినా మీ పనిమనిషి కొడుకు ఉద్యోగ పరీక్షకు అక్కడే చదువుతున్నాడండీ" అనేవాణ్ణి. కొందరు నవ్వి కట్టేవారు, కొందరు నవ్వకుండా కట్టేవారు.

చట్టం రావడం గొప్ప విజయం. అయితే ఒక నష్టం కూడా జరిగింది. రావిచెట్టు వారు ఇచ్చిన ఇల్లు, ఆళ్వారుస్వామి మోసిన మూట – ఇవన్నీ చివరికి రిజిస్టరులో ఒక గడి అయ్యాయి. ప్రజలు 'మా గ్రంథాలయం' అనడం మాని 'గవర్నమెంటు లైబ్రరీ' అనడం మొదలుపెట్టారు. పన్ను కట్టాం, మన బాధ్యత తీరిందన్న భావం వచ్చింది. వసూలైన సొమ్ము సకాలంలో జమ కాకపోయినా అడిగే నాథుడు లేకుండా పోయాడు. చట్టం డబ్బును తెస్తుంది గాని మమకారాన్ని తేలేదు. మమకారం ఒక్కటే ఉంటే దాత ఆయుర్దాయమే సంస్థ ఆయుర్దాయం అవుతుంది. రెండూ కావాలి.

మా పేటలో జరిగినది

ఇక అభిప్రాయం రాయవలసిన చోట ఒక అనుభవం రాస్తాను. ఊరి పేరు, కార్యాలయం పేరు అనవసరం.

నేను రిటైరైన కొన్నేళ్ళకు మా పేటలోని శాఖా గ్రంథాలయంలో గ్రంథపాలకుడు పదవీ విరమణ చేశారు. ఆ స్థానంలో ఎవరినీ వేయలేదు. పక్క ఊరి ఉద్యోగి వారానికి రెండు రోజులు వచ్చి తలుపు తీసేవారు. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు మెట్ల మీద కూర్చుని ఎదురుచూసేవారు. మాబోటి పెన్షనర్లం ఐదుగురం, వంతులవారీగా కూర్చుని మిగిలిన రోజుల్లో కూడా తెరిచి ఉంచుదామని అనుకున్నాం.

అక్కడే మాలో మాకు వాదం వచ్చింది. ఒక మిత్రుడు, ఆయన ట్రెజరీ శాఖలో పనిచేసినవారు, ఇలా అన్నారు: "మనం ఉచితంగా కూర్చుంటే ఆ పోస్టు ఇక జన్మలో నింపరు. ఒక కుర్రాడికి రావలసిన ఉద్యోగాన్ని మన సేవ పేరుతో మనమే పోగొడతాం. అది సేవా, అపకారమా?" ఆ మాట కొట్టివేయదగినది కాదు. మరొక మిత్రుడు, "పోస్టు నింపేవరకు పిల్లలు మెట్ల మీదే ఉండాలా? వాళ్ళ పరీక్ష మన కోసం ఆగదు కదా" అన్నారు. ఇదీ నిజమే. మొదటివారిది న్యాయం, రెండవవారిది దయ. రెండూ విలువలే. రెండు మంచి విలువలు ఎదురెదురుగా నిలిచినప్పుడే మనిషికి అసలు పరీక్ష.

రెండు రోజులు తర్జనభర్జన పడి ఒక నిర్ణయానికి వచ్చాం. అధికారుల అనుమతితో కూర్చుంటాం. కానీ ప్రతి నెలా మొదటి తేదీన, ఖాళీ పోస్టు నింపవలసిందిగా కోరుతూ ఐదుగురం సంతకాలు చేసి ఒక వినతిపత్రం పంపుతాం. పని చేస్తూనే అడుగుతాం, అడుగుతూనే పని చేస్తాం.

దానితోపాటు మరొక పని చేశాం. 2005 సమాచార హక్కు చట్టం కింద స్థానిక కార్యాలయాన్ని ఒక ప్రశ్న అడిగాం. గడచిన ఐదు సంవత్సరాలలో గ్రంథాలయ పన్ను కింద డిమాండు ఎంత, వసూలు ఎంత, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేసినది ఎంత? ఏ రిజిస్టరులో ఏ గడిలో ఆ అంకె ఉంటుందో నాకు తెలుసు గనుక, ప్రశ్న తప్పించుకోవడానికి వీలులేకుండా రాశాను. జవాబు వచ్చింది. వసూలుకూ జమకూ మధ్య తేడా ఉన్నట్టు వారి అంకెలే చెప్పాయి. మేము ఎవరి మీదా ఆరోపణ చేయలేదు. ఆ కాగితాన్ని జతపరచి, బకాయి చెల్లించవలసిందని మర్యాదగా కోరాం. ఏడాది పైన పట్టింది. వాయిదాల మీద కొంత జమ అయింది. దానితో కొత్త పుస్తకాలు వచ్చాయి, పైకప్పు ఇంకా కురుస్తూనే ఉన్నది. పోస్టు నింపడానికి మా వినతిపత్రాలు ఇరవై ఏడు పట్టాయి. నింపిన రోజున ట్రెజరీ మిత్రుడే తాళాల గుత్తి కొత్త గ్రంథపాలకురాలి చేతికి ఇచ్చారు. మా ఐదుగురిలో ఇప్పుడు ముగ్గురమే మిగిలాం.

ఇందులో మేము చేసిన త్యాగమేమీ లేదు. వారానికి ఒక్కొక్కరికి ఒక పూట. అయితే ఆ మెట్ల మీద కూర్చున్న పిల్లలలో మా పేటలో అన్ని వాడల వారూ ఉన్నారు. అంతకుముందు వారి పేర్లు మాకు తెలియవు, మా పేర్లు వారికి తెలియవు. ఇప్పుడు బజారులో కనిపిస్తే "నమస్కారం తాతగారూ" అని ఆగి పలకరిస్తారు. సమాజం అంటే ఇదేనని నా అభిప్రాయం. నలుగురు కలిసి ఒక పని చేసినప్పుడే పరిచయం ఏర్పడుతుంది. ఊరికే ఒకే పేటలో నివసించినంత మాత్రాన ఏర్పడదు.

మనవి

పింఛను పుచ్చుకునే మనకు రెండు ఆస్తులున్నాయి. ఒకటి తీరిక, రెండవది ప్రభుత్వ యంత్రాంగం ఎలా కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలిసిన అనుభవం. తీరిక చాలామందికి ఉంటుంది. రెండవది మనకు మాత్రమే ఉన్నది. అర్జీ ఎవరికి రాయాలి, ఏ నిబంధన ఉదహరించాలి, జవాబు రాకపోతే ఎవరికి జ్ఞాపిక పంపాలి – ఇవి మామూలు పౌరునికి కొండంత పనులు. మనకు చేతివాటం పనులు. మన డి.ఏ. బకాయిల కోసం, వైద్య సౌకర్యం కోసం ఈ నేర్పును వాడుకోవడం న్యాయమే. నెలలో ఒక్క అర్జీ మన పేట కోసం కూడా రాయాలని నా కోరిక. అది గ్రంథాలయమే కానక్కరలేదు. వీధి దీపం, బడి ప్రహరీ, మంచినీటి కుళాయి, ఏదైనా సరే.

సభ్యులకు మూడు మనవులు. మొదటిది, ఈసారి ఇంటి పన్ను రసీదు వచ్చినప్పుడు అందులో గ్రంథాలయ పన్ను ఎంతో చూడండి. రెండవది, మీ దగ్గరలోని గ్రంథాలయం ఎన్ని గంటలు తెరిచి ఉంటున్నదో కనుక్కోండి. మూడవది, మనుమలు సెలవులకు వచ్చినప్పుడు ఒక్కరోజు చేయిపట్టుకుని అక్కడికి తీసుకువెళ్ళండి. వాళ్ళు పుస్తకం చదవకపోయినా ఫరవాలేదు. ఇది మనదని వాళ్ళకు తెలిస్తే చాలు.

మన జిల్లా శాఖలో ఈ పనికి ముందుకు వచ్చేవారు తమ పేర్లు కార్యదర్శి గారి వద్ద నమోదు చేయించుకుంటే, సమాచార హక్కు దరఖాస్తు నమూనా, వినతిపత్రం నమూనా నా సొంత ఖర్చుతో జిరాక్సు తీయించి అందజేయగలను.